ఒంటి రెబ్బ వెల్లుల్లి ఎందుకు వచ్చింది?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని బోడుప్పల్. మూడేళ్లుగా మిద్దె మీద కూరగాయలు పెంచుతున్నాను. 2024 మొదట్లో వెల్లుల్లి కిలో 400 రూపాయలు దాటినప్పటి నుంచి ఇంట్లోనే పండించాలని పట్టుదల పట్టుకుంది. కిందటి డిసెంబరు మొదటి వారంలో బజారులో కొన్న పాయలు విడదీసి, పెద్ద రెబ్బలు వంటకు ఉంచుకుని, సన్న రెబ్బలు రెండు టబ్బుల్లో నాటాను. ఆకు ఏపుగా వచ్చింది. బీర, సొర పెట్టడానికి టబ్బులు కావలసి వచ్చి మార్చి రెండో వారంలో పీకేశాను. అప్పటికి ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. 40 మొక్కల్లో 30కి పైగా చిన్న ఉల్లిపాయలా ఒకే గుండ్రటి రెబ్బ. మట్టి పోయేలా కడిగి, ఆకులు కోసేసి, మిద్దె మీద నాలుగు రోజులు ఎండబెట్టి, ప్లాస్టిక్ కవర్లో కట్టి వంటింట్లో పెట్టాను. నెల తిరిగేసరికి కొన్ని తేనె రంగుకు మారి మైనంలా అయ్యాయి. కొన్నింటికి నీలం బూజు పట్టింది. "వెల్లుల్లి మన నేలల్లో పండేది కాదు, ఎందుకు నీకీ శ్రమ" అంటున్నారు మా అత్తగారు. నిజమేనా? మళ్లీ ప్రయత్నించమంటారా?
— ఒక పాఠకురాలు

సమాధానం: పెద్ద రెబ్బలు వంటకు, సన్నవి తోటకు అన్న లెక్క చదివి నవ్వాగలేదమ్మా. మిమ్మల్ని చూసి కాదు. నేనూ మొదటి ఏడాది అచ్చంగా అదే లెక్క వేశాను. పెద్ద రెబ్బ ఒలవడం తేలిక కాబట్టి అది వంటింటిది, గోరుకు కూడా దొరకని సన్న రెబ్బ ఎలాగూ దండగే కాబట్టి అది మట్టిపాలు. మార్చిలో పీకి చూస్తే, నాటిన రెబ్బకీ వచ్చిన గడ్డకీ పెద్ద తేడా లేదు. కాబట్టి ఈ జవాబులో ఎక్కడైనా దెప్పినట్టు అనిపిస్తే అందులో సగం నాకే తగులుతుందని అనుకోండి.

మీ అత్తగారి మాట సగం నిజం. మన బజార్లకు వచ్చే వెల్లుల్లిలో ఎక్కువ భాగం మధ్యప్రదేశ్ నుంచి వస్తుంది. మందసౌర్, నీమచ్, రత్లాం జిల్లాలు దానికి పెట్టింది పేరు. రత్లాం జిల్లాలోని రియావన్ అనే ఊరి వెల్లుల్లికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఆ మాళవ ప్రాంతపు నేల ఏమిటనుకున్నారు? నల్లరేగడి. మన పత్తి చేలల్లో ఉన్న నేలే. ఇంకా దక్షిణాన, హైదరాబాద్ కంటే కిందికి ఉన్న కర్ణాటకలోని గదగ్ వైపు కూడా రైతులు వెల్లుల్లి పండిస్తున్నారు. కాబట్టి తప్పు నేల మీద వేయడానికి లేదు. మందసౌర్‌లో ఉండి మీ మిద్దె మీద లేనిది చలి. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి. హైదరాబాద్‌లో సగటున 14, 15 దగ్గర ఆగిపోతాయి. విజయవాడ, రాజమండ్రి వాళ్లకు ఆ మాత్రం కూడా దక్కదు.

ఆ చలితో వెల్లుల్లికి ఏం పని అన్నది తెలిస్తే మీ ఒంటి రెబ్బల సంగతి దానంతట అదే తేలిపోతుంది. వెల్లుల్లి పుట్టిల్లు మధ్య ఆసియా. అక్కడి చలికాలం గట్టిది. మీరు నాటిన రెబ్బలో మొలిచే మొగ్గ ఒక్కటే ఉంటుంది. ఆ రెబ్బకో, దాని నుంచి వచ్చిన లేత మొక్కకో కొన్ని వారాలు చలి తగిలితే, లోపలి ఆకుల మొదళ్ల దగ్గర కొత్త మొగ్గలు పుడతాయి. ఆ తర్వాత పగటి సమయం పెరిగి, ఎండ ముదురుతుంటే ఒక్కో మొగ్గా ఒక్కో రెబ్బగా ఊరుతుంది. చలి తగలకపోతే ఈ కొత్త మొగ్గలు పుట్టవు. కానీ ఫిబ్రవరి ఎండ వచ్చేసరికి మొక్క ఊరడం మాత్రం మానదు. పంచుకోవడానికి తోబుట్టువులు లేవు కాబట్టి ఊరినదంతా ఆ ఒక్క మొగ్గకే చేరి, మీరు చూసిన గుండ్రటి ఒంటి రెబ్బ తయారవుతుంది. అది రోగం కాదు, ఎరువు లోపం కాదు.

దీనికి తోడు మరో రెండు జరిగాయి. డిసెంబరులో నాటితే మొక్క నాలుగాకులు వేసేసరికే సంక్రాంతి దాటిపోతుంది, ఉన్న కాస్త చలీ వృథా అవుతుంది. ఇక సన్న రెబ్బలో మొక్కను నిలబెట్టే దినుసు తక్కువ. సన్న రెబ్బలు నాటినప్పుడు, ఆలస్యంగా నాటినప్పుడు ఒంటి రెబ్బలు ఎక్కువగా వస్తాయి. మీ దగ్గర మూడు కారణాలూ కలిసొచ్చాయి. అయినా పదిలోపు మొక్కలకైనా రెబ్బలు విడిపడ్డాయంటే, మెచ్చుకోవలసింది ఆ మొక్కలనే.

చలి లేకపోతే ఏం చేయాలి? ఇంట్లో చలికాలాన్ని పెట్టెలో పెట్టుకునే ఉన్నాం కదా, ఫ్రిజ్ రూపంలో. సెప్టెంబరు మొదటి వారంలో నాటుకు ఎంచుకున్న పాయలను విడదీయకుండా, పాయలుగానే, కాగితం సంచిలో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. డీప్ ఫ్రీజర్ అసలే వద్దు, అందులో రెబ్బ చచ్చిపోతుంది. అలా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, అక్టోబరు రెండో పక్షంలో బయటికి తీసి, రెండు మూడు రోజుల్లో నాటేయండి. తీసినవాటిని వంటింటి గట్టు మీద రెండు వారాలు మరిచిపోతే, పడ్డ చలి ప్రభావం ఆ వేడికి చాలావరకు చెరిగిపోతుంది. ఆరు వారాలు మంచిదైతే మూడు నెలలు ఇంకా మంచిది కదా అని ఒకసారి నేను జులైలోనే పెట్టేశాను. ఆ ఏడాది మొక్కలు పిలకలు పిలకలుగా చీలి, పాయలు గుండ్రంగా రాక, పళ్లు వంకరపోయిన దవడలా బయటికి పొడుచుకొచ్చాయి. చలి ఎక్కువైనా చిక్కే.

కోస్తావాళ్లకు ఒక మాట. అక్టోబరు, నవంబరు నెలల్లో మీకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు ఉంటాయి. నాటిన రెబ్బ నీళ్లలో నానితే అక్కడే కుళ్లిపోతుంది. కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టేది సెప్టెంబరు చివర, నాటేది నవంబరు మొదటి పక్షంలో. ఆదిలాబాద్, అరకు, చింతపల్లి వైపు ఉన్నవాళ్లకు ఈ ఫ్రిజ్ తతంగం అంతగా అక్కర్లేదు. వాళ్ల చలి వాళ్లకు ఉంది.

ఏ పాయ నాటాలన్నది తర్వాతి సంగతి. వెల్లుల్లికి విత్తనం కట్టదు. రెబ్బే విత్తనం, కాబట్టి తల్లి ఎలా ఉంటే పిల్ల అలా ఉంటుంది. దుకాణంలో తెల్లగా, లావుగా, ఆరేడు పెద్ద రెబ్బలతో కనిపించే కొండ ప్రాంతపు రకాలను చూసి మోసపోకండి. తమిళనాడులోని కొడైకెనాల్ మలై పూండుకు, అంటే కొండ వెల్లుల్లికి, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, రుచిలో దానికి దీటు లేదు, కానీ అది కొండ మీది చల్లదనానికి అలవాటు పడ్డ పంట. చైనా వెల్లుల్లి దిగుమతిని మన దేశం 2014లోనే నిషేధించింది. అయినా దొంగదారిన వస్తూనే ఉంటుంది, అది కూడా మన మిద్దెలకు పనికిరాదు. మనకు కావలసింది మైదానపు రకం. మామూలు బజారు పాయే, పదిహేను ఇరవై రెబ్బలు ఉండేది. పేరున్న రకం కావాలంటే, పుణె దగ్గర రాజగురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన కేంద్రం వారి భీమా పర్పుల్ ఉంది. 120 నుంచి 135 రోజుల పంట. దాన్ని సిఫారసు చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. యమునా సఫేద్ రకాలు కూడా మైదానాలకు ఉద్దేశించినవే.

పాయ నిద్ర లేచిందో లేదో చూడటానికి ఒక రెబ్బను నిలువునా చీల్చండి. మధ్యలో లేత మొలక కనిపిస్తుంది. అది రెబ్బలో సగం పొడవు దాటి ఉంటే నాటిన వెంటనే లేస్తుంది. ఇంకా అడుగునే నక్కి ఉంటే మొలవడానికి రోజులు పడుతుంది. ఫ్రిజ్‌లో ఉన్నవి ఎలాగూ తొందరపడతాయి. వాటి అడుగున ఉండే గట్టి బిళ్ల చుట్టూ ఆవగింజల్లా వేరు మొనలు ఉబికి ఉంటాయి. నాటే రోజునే పాయ విడదీయండి. బొటనవేలితో పైనుంచి నొక్కి వాటంగా విప్పండి, కత్తి పెట్టకండి. ఆ గట్టి బిళ్ల ముక్క రెబ్బకు అంటి రావాలి, అక్కడి నుంచే వేళ్లు వస్తాయి. పొట్టు ఒలవద్దు. బయటి వరుసలోని బలమైన రెబ్బలు మాత్రమే తోటకు. సన్నవి వంటకు. ఈసారి మీ లెక్క తిరగబడాలి.

మట్టి గురించి మీకు చెప్పనక్కర్లేదు, మూడేళ్ల అనుభవం ఉంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువో వానపాముల ఎరువో, ఒక పాలు కొబ్బరి పొట్టు, టబ్బుకు గుప్పెడు వేపపిండి. జానెడు లోతున్న టబ్బు చాలు. బెత్తెడు కంటే కాస్త ఎక్కువ ఎడం ఇచ్చి, మొన పైకి ఉండేలా, వేలి రెండో కణుపు మునిగే లోతులో గుచ్చండి. తలకిందులుగా పెట్టినా మొలుస్తుంది, కాకపోతే మెడ వంకర తిరిగి పాయ చిన్నదవుతుంది. మీరు రెండు టబ్బుల్లో 40 నాటానన్నారు. టబ్బు పెద్ద ఆకుకూర టబ్బు అయితే తప్ప అది ఇరుకే. పైన ఎండు గడ్డి పలచగా పరిస్తే చెమ్మ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది.

నీళ్లు వేలు పెట్టి చూసి పోయండి, అలవాటుగా పోయకండి. నత్రజని ఎరువులు మొదటి రెండు నెలలే. జీవామృతమైనా (ఆవు పేడ, మూత్రం, బెల్లం పులియబెట్టిన ద్రవం), వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లయినా జనవరి మొదట్లో ఆపేయాలి. గడ్డ ఊరే వేళ నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా, గడ్డ బోలుగా వస్తుంది, రెబ్బలు పాయలో ఉండగానే పిలకలు వేస్తాయి. మీ "ఆకు ఏపుగా వచ్చింది" అన్న మాట దగ్గర నాకు కొంచెం అనుమానం కలిగింది. ఘాటు కావాలంటే గంధకం కావాలి, టబ్బుకు ఒక చెంచా జిప్సం నాటే ముందే కలపండి. పురుగుల్లో మిద్దె మీద కనిపించేవి తామర పురుగులు. ఆకు మడతల్లో దాక్కుని గీకుతాయి, ఆకు మీద వెండి గీతలు పడతాయి. ముందు గట్టిగా నీళ్లు చిమ్మండి, తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. మంచు పడే రోజుల్లో ఆకుల మీద ఊదా మచ్చలు వస్తే ఆ ఆకులు తుంచి పారేసి, ఆకులు తడవకుండా మొదట్లో నీళ్లు పోస్తే చాలు.

ఇక పీకడం. వెల్లుల్లి పెంచేవాళ్లు ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, మీరూ అంతే. టబ్బులు కావలసి వచ్చి పీకానన్నారు. వెల్లుల్లికి అది 120 రోజుల పంటని తెలుసు, మీ బీర విత్తనాల సంగతి తెలియదు. మీరు పీకినప్పటికి దానికి 100 రోజులైనా నిండాయో లేదో.

పైన కనిపించే ప్రతి ఆకూ కింద పాయ చుట్టూ ఒక పొరగా చుట్టుకుని ఉంటుంది. పై ఆకు ఎండితే కింది పొర కూడా ఎండి కాగితం అవుతుంది. అన్ని ఆకులూ పచ్చగా ఉండగా పీకితే పొరలన్నీ కండగల ఉల్లి పొరల్లా ఉంటాయి, లోపలి రెబ్బలు ఇంకా ఊరుతుంటాయి. అన్నీ ఎండాక పీకితే పొరలు మట్టిలోనే చివికి, రెబ్బలు విచ్చుకుని పాయ చేతిలోనే విడిపోతుంది. ఈ రెండింటి మధ్య సమయం పట్టుకోవాలి. కింది నుంచి మూడు నాలుగు ఆకులు పసుపు తిరిగి ఎండి, పైన నాలుగైదు పచ్చగా ఉన్నప్పుడు నీళ్లు పూర్తిగా ఆపండి. అక్కడి నుంచి పది పదిహేను రోజులు మట్టి ఎండనివ్వండి. అక్టోబరు చివర నాటితే ఇది ఫిబ్రవరి నెలాఖరుకో, మార్చి మొదటి వారానికో వస్తుంది.

తేదీ కంటే నమ్మదగినది కత్తి. ఒక మూలన ఉన్న మొక్కను తవ్వి, పాయను నడుం దగ్గర అడ్డంగా కోయండి. కోసిన ముఖం నిమ్మకాయ కోసినట్టు కనిపించాలి: చుట్టూ రెబ్బలు, ఒక్కో రెబ్బకూ విడిగా పలచని పొట్టు, మధ్యలో కాడకూ రెబ్బలకూ నడుమ సన్నని సందు. ఆ సందు కనిపిస్తే సిద్ధమైనట్టు. రెబ్బలు ఒకదానికొకటి అతుక్కుపోయి, మధ్య కాడ ఇంకా రసం కారుతూ దుబ్బుగా ఉంటే మరో వారం ఆగండి. కోసిన పాయ వృథా కాదు. ఆ పచ్చి వెల్లుల్లి వేసి పప్పు తాలింపు పెట్టి చూడండి, ఘాటు మెత్తగా, తియ్యగా ఉంటుంది. నిజం చెప్పాలంటే వెల్లుల్లి పెంచేవాళ్లకే దక్కే రుచి ఇది, బజారులో దొరకదు.

ఆకు పట్టి లాగకండి. మెడ తెగితే ఆ పాయ నిలవ ఉండదు. బొరిగెతో పక్క నుంచి మట్టి వదులు చేసి, అడుగున చెయ్యి పెట్టి పైకెత్తండి. మట్టి రాలడానికి టబ్బు అంచుకు కొట్టే అలవాటు చాలామందికి ఉంది. వెల్లుల్లి గట్టిగా కనిపిస్తుంది కానీ దెబ్బ తగిలినచోట లోపల కమిలి, అక్కడే బూజు మొదలవుతుంది. గుడ్లు దించుకున్నట్టు దించుకోవాలి.

తర్వాత మీరు కడిగారు. అది మొదటి తప్పు. అంటిన మట్టి నీడలో ఆరాక వేళ్లతో రుద్దితే అదే రాలిపోతుంది, పై పొర ఒకటి ఊడి వస్తే దాంతోపాటే పోతుంది. ఆకులు కోశారు. అది రెండోది. ఆకులో, కాడలో ఉన్న తేమ మెల్లగా ఆరుతూ మెడ దానంతట అదే బిగుసుకోవాలి. పచ్చి మెడను కోస్తే ఆ కోత గుండా బూజు లోపలికి దిగుతుంది. నీలం ఆకుపచ్చ బూజు అలా వచ్చిందే. కడిగిన తడి, కోసిన మెడ, పైన ప్లాస్టిక్ కవరు, ఇంకేం కావాలి దానికి!

తేనె రంగుకు మారి మైనంలా అయిన రెబ్బలది వేరే కథ. అది బూజు కాదు, తెగులూ కాదు, ఎండదెబ్బ. మార్చి ఎండలో సిమెంటు మిద్దె ఎంత కాలుతుందో చెప్పులు లేకుండా ఒకసారి నిలబడితే తెలుస్తుంది. కప్పు లేని పచ్చి పాయ ఆ వేడికి లోపల ఉడికినట్టు అవుతుంది. అప్పటికప్పుడు ఏమీ తెలియదు, పైపొట్టు తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. రెండు మూడు వారాలకు ఒలిచి చూస్తే రెబ్బ పసుపుగా, పారదర్శకంగా, జిగటగా ఉంటుంది. "రైతులు పొలంలో ఎండబెట్టరా" అని మీరు అడగవచ్చు. పెడతారు. కానీ చూడండి, మొక్కలను వరుసగా పరిచేటప్పుడు ఒక వరుస ఆకులు ముందు వరుస పాయల మీద పడేలా పరుస్తారు. పాయకు ఎండ తగలదు, గాలి మాత్రం తగులుతుంది.

మీరు చేయవలసింది ఇది. పీకిన మొక్కలను ఆకులు, వేళ్లతో సహా ఎనిమిది పది కలిపి వదులుగా కట్టి, వరండాలోనో, మెట్ల కింద గాలి ఆడే చోటో తలకిందులుగా వేలాడదీయండి. ఇంట్లో నులక మంచం ఉంటే ఇంకా మంచిది, ఒకే వరుసగా పరిస్తే కింది నుంచీ గాలి ఆడుతుంది. నేను మా పాత నులక మంచాన్ని ఈ ఒక్క పని కోసమే పారేయకుండా ఉంచాను. ఎండ నేరుగా పడకూడదు, వాన జల్లు కొట్టకూడదు, అంతే. హైదరాబాద్‌లో మార్చి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రెండు వారాలు చాలు. కోస్తాలో ఉక్క ఎక్కువ, మూడు వారాలు పట్టవచ్చు, ఫ్యాను కూడా పెట్టాలి.

ఆరిందీ లేనిదీ వేళ్లకు తెలుస్తుంది. పాయకు పైన మెడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపండి. లోపల ఏదో జారినట్టు, మెత్తగా అనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. కాగితం చుట్టలా బిరుసుగా తగలాలి. వేళ్లు పాత బ్రష్షు కుచ్చులా గట్టిపడి, విరిస్తే పుటుక్కున విరగాలి. ఇంకా అనుమానం ఉంటే ఒక కట్టను వంటింటి త్రాసు మీద తూచి రాసిపెట్టుకోండి. నాలుగు రోజులకోసారి తూచినప్పుడు బరువు తగ్గడం ఆగిపోతే అప్పుడు కత్తెర తీయండి. మెడను అంగుళం ఉంచి ఆకు కోసి, వేళ్లు కత్తిరించండి. జడ అల్లాలన్న సరదా ఉంటే ఆకు పూర్తిగా పెళుసు కాకముందే అల్లాలి. మన రకాల మెడ మెత్తనిది కాబట్టి జడకు బాగా లొంగుతుంది.

నిలవకు వెదురు బుట్ట, వల సంచి, లేదా ఉట్టి. ఉట్టిని మించిన వెల్లుల్లి గది నేను చూడలేదు. పొయ్యికి దూరంగా, గాలి ఆడేచోట ఉంచాలి. ప్లాస్టిక్ కవరు, మూత బిగించిన డబ్బా వద్దు. ఫ్రిజ్ కూడా వద్దు. ఇంతసేపూ ఫ్రిజ్ ఫ్రిజ్ అని ఇప్పుడు వద్దంటారేమిటి అనుకుంటున్నారు కదా? నాటే పాయకు ఫ్రిజ్ ఎందుకు మంచిదో, వండే పాయకు అందుకే చెడ్డది. ఆ చల్లదనం తగలగానే చలికాలం వచ్చి వెళుతోందనుకుని రెబ్బ మొలవడానికి సిద్ధపడుతుంది. 30 డిగ్రీల వంటింట్లో నిద్రపోయే పాయ ఫ్రిజ్‌లో మేలుకుంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద నూరి పెడితే ఒక్కోసారి ఆకుపచ్చగా తిరగడం చూసే ఉంటారు. చల్లటి చోట కొన్నాళ్లు ఉన్న వెల్లుల్లిలో పోగుపడే గంధకపు పదార్థాలు నూరినప్పుడు, పులుపు తగిలినప్పుడు అలా రంగు మారతాయి. అది చెడిపోవడం కాదు, తినవచ్చు. బూజు వేరు, అది వాసనకే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ దగ్గర మిగిలినవాటి సంగతి. బూజు పట్టినవి పారేయండి. వాటిని ఎరువు కుండీలో కూడా వేయకండి. మైనంలా అయినవి మొలవవు, అవీ పోయినట్టే. గట్టిగా, పొట్టు చెక్కుచెదరకుండా ఉన్న ఒంటి రెబ్బలు ఉంటే మాత్రం వాటికి నష్టమేమీ లేదు. ఒలవడానికి అంత సుఖమైన వెల్లుల్లి మరొకటి ఉండదు. నాటు వైద్యంలో ప్రత్యేకించి అడిగి తెప్పించుకునే సరుకు మీ టబ్బులో అడగకుండానే వచ్చింది. వాటిలో బొటనవేలి గోరు కంటే పెద్దవి ఏరి, వల సంచిలో వేసి సెప్టెంబరు దాకా దాచండి. ఆ ఒంటి రెబ్బ కూడా చలి చూసి నాటితే వచ్చే ఏడాది మామూలు పాయగా విడిపోతుంది. సన్నవి అక్టోబరులో ఒక చిన్న టబ్బులో ఒత్తుగా గుచ్చేయండి, పాయ కోసం కాదు, ఆకు కోసం. నెల తిరిగేసరికి పచ్చి వెల్లుల్లి కాడలు వస్తాయి. రోటి పచ్చడికి, పప్పుకు, గుడ్డు పొరుటుకు రెండు మూడు కోతలు దొరుకుతాయి.

ఖర్చు లెక్క కూడా అడక్కుండానే చెప్పేస్తాను. ఒక రెబ్బకు ఒక పాయ. మిద్దె మీద పాయ 20 గ్రాములు తూగితే సంతోషించాలి. 40 మొక్కలు అన్నీ కుదిరినా కిలోకు తక్కువే. కిలో 400 ఉన్న ఏడాదైనా, నాలుగు నెలలు రెండు టబ్బులు కట్టేసినందుకు అది గొప్ప లాభం కాదు. డబ్బు మిగులుతుందని నాటేవాళ్లకు నేను వెల్లుల్లి చెప్పను, వంకాయ చెబుతాను. మీరు మాత్రం నాటండి, మీ ఉత్తరంలో ఉన్నది డబ్బు పట్టుదల కాదు. బీర, సొర విత్తనాలకు ముందుగానే వేరే టబ్బులు చూసిపెట్టుకోండి.

మరొక్క మాట. సెప్టెంబరులో పాయలు ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు ఆ కాగితం సంచి మీద "నాటడానికి, వంటకు కాదు" అని పెద్ద అక్షరాలతో రాయండి. మా ఇంట్లో రాయలేదు. ఐదు వారాలు చలి చూపించి దాచిన పాయలు ఒక ఆదివారం చేపల పులుసులోకి వెళ్లిపోయాయి.